మణికట్టు దాకా

జూన్ 3

ఇవాళ కూడా ఈయన అడగలేదట. బావగారికి తలనొప్పిగా ఉందట. అలాంటప్పుడు అడిగితే అయ్యే పని కూడా చెడుతుందట. రేపు అడుగుతారట.

నాకేం తొందర లేదు. ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఇంకో రోజు ఆగలేనా? ఎవరితోనూ అనడానికి వీల్లేని మాట కనక ఇక్కడ రాసుకుంటున్నాను. ఈయన కంటపడుతుందన్న భయం లేదు. నా మొహమే చదవని మనిషి, డైరీ చదువుతారా?

జూన్ 5

ఇవాళ కూరగాయల సూపు. అక్క, అంటే మా తోడికోడలు, కెమెరా ముందు నిలబడి నవ్వుతూ, "ఇప్పుడు ఉల్లిపాయని సన్నగా తరుక్కుందామా?" అని కత్తి ఎత్తి పట్టుకుంది. బావగారు కట్ చెప్పారు. అక్క కత్తి నా చేతిలో పెట్టి, తన ఉంగరం తీసి నా వేలికి తొడిగి, కుర్చీలో కూర్చుని టీ తాగింది. నేను ఆమె చొక్కా లాంటి చొక్కానే వేసుకుని, ఆమె నిలబడ్డ చోటే నిలబడి ఉల్లిపాయ తరిగాను. పైన ఇనుప గొట్టానికి బోర్లా వేలాడదీసిన కెమెరా నా చేతుల్ని తీసింది. టీవీలో చూసేవాళ్లకి అంతా అక్కే.

ఉంగరం నాకు బిగుతు. సాయంత్రం తీయాలంటే సబ్బు రాయాలి. రోజూ లెక్కగా తిరిగిచ్చేస్తాను.

వంట ప్రోగ్రాం నిలబడేది మొహం మీద కాదు, పైనించి తీసే టాప్ షాట్ మీద. ఈ మాట నాది కాదు, బావగారిదే. తీసేదీ తీయించేదీ ఆయనే కదా, ఆయనకి తెలియదా? మూకుట్లో నూనె, అందులో పడే ఆవాలు, కలిపే చెయ్యి: జనం చూసేది అదేనట. మరి ఆ చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగరు. సొమ్మొకడిది, సోకొకడిది.

అక్క చెడ్డ మనిషేం కాదు. మాట తీరు ఉంది, నవ్వు ఉంది, కత్తి పట్టుకుంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. మొదట్లో బావగారే అన్నారు, "ముందు మీ అక్క మొహంతో జనంలోకి వెళ్దామమ్మా. ప్రోగ్రాం నిలదొక్కుకుంటే నీకు వేరే అరగంట ఇస్తాను. నీ పేరు, నీ మొహం, నీ వంట." షూటింగ్ షెడ్డులో అందరి ముందూ అన్న మాట. ఈయన కూడా విన్నారు. ప్రోగ్రాం నిలదొక్కుకుని చాలా కాలమైంది. ఇక గుర్తుచేయడమే మిగిలింది. అన్నదమ్ముల మధ్య మాట కనక ఈయనే అడగాలి.

టాప్ కెమెరా మా ఆయనదే. మానిటర్ ముందు కూర్చుని, "ఎడం చెయ్యి కాస్త కిందకి. ఆఁ, అక్కడే. వేళ్లు దగ్గరగా పెట్టు" అంటుంటారు. రోజంతా నన్నే చూస్తారు. మణికట్టు దాకా.

జూన్ 6

అడగలేదు.

జూన్ 8

అడుగుదామని నోటిదాకా వచ్చిందట, ఈలోగా అన్నయ్యకి ఫోనొచ్చిందట.

జూన్ 11

ఎడం చేత్తో రాస్తున్నాను. చెయ్యి కాలింది. పెద్దదేం కాదు.

జూన్ 14

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే నాకే వేరేలా గుర్తుండిపోతుంది.

చేప వేపుడు. ముక్కని నూనెలోకి జారవిడిచే షాట్. నేను జారవిడిచాను. నూనె చిట్లడం మొదలైంది. చెయ్యి వెనక్కి తీయబోతుంటే ఈయన, "కదలకు, కదలకు! ఆవిరి బ్రహ్మాండంగా లేస్తోంది, వేళ్ల మధ్య నించి వస్తోంది. ఒక్క క్షణం" అన్నారు. కదల్లేదు. నూనె ఎగిరి చెయ్యి మీద, బొటనవేలి మొదట్లో పడింది. అప్పుడు కూడా కదల్లేదు. అలవాటు. ఈయన "ఓకే" అన్నాకే తీశాను.

ఈయన్ని అనడానికేం లేదు. ఫోకస్ చూసుకునే మనిషి నూనె కూడా చూసుకోవాలంటే ఎలా? పరుగెత్తుకెళ్లి మందు తెచ్చింది ఈయనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో చూశాను. నిజానికి ఆకులు బాగానే పట్టుకున్నారు.

అసలు తమాషా తరవాత మొదలైంది. వంట సగంలో ఉంది. మిగిలిన టాప్ షాట్లన్నీ కట్టుతోనే తీయాలి. నా చేతికి కట్టు ఉంటే, రుచి చూసి "అబ్బా" అనే అక్క చేతికి లేకపోతే ఎలా? బావగారు అక్క చేతికి కూడా కట్టు కట్టించారు. మొదటిసారి ఎడం చేతికి కట్టుకుని వచ్చి నిలబడింది. ఏ చెయ్యి కాలిందో ఆమెకి గుర్తులేదు. కాలింది ఆమెది కాదుగా.

"కుడి చెయ్యి కదా వదినా" అన్నారు ఈయన.

విప్పి కుడి చేతికి కట్టారు. అక్క కెమెరాలోకి చూసి, కట్టు కాస్త పైకెత్తి, "వంటింట్లో ఇవి మామూలేనండీ. మంటకి భయపడితే వంటెలా వస్తుంది?" అంది. ఎవరూ రాసివ్వలేదు, అప్పటికప్పుడు అనేసింది. అదే మరి ఆమె ప్రతిభ. బావగారు చప్పట్లు కొట్టారు. తరవాత నా పక్కన కూర్చుని కట్టు నిమురుకుంటూ, "నిజంగానే మండుతున్నట్టుంది చెల్లీ" అంది. నవ్వొచ్చింది. ఆ క్షణంలో నిజంగానే నవ్వాను.

జూన్ 19

చేప వేపుడు ఇవాళ టీవీలో వచ్చింది. అక్క ఫోన్ ఆగకుండా మోగుతోందట. ఎవరో పూలు పంపారట. ఎవరో తేనె రాయమన్నారట.

మా అమ్మ ఫోన్ చేసింది.

"మీ అక్కకి చెయ్యి కాలిందటగా? టీవీలో చూశానే. పాపం, ఆ కట్టుతోనే గరిటె తిప్పుతోంది. మనిషంటే అలా ఉండాలి."

"అవునమ్మా."

"నువ్వెళ్లి కాస్త సాయం చెయ్యొచ్చుగా? ఇంట్లో ఊరికే కూర్చునే ఉంటావు. తోడికోడలన్నాక ఆ మాత్రం ఉండాలి."

"చేస్తానమ్మా."

ఫోను ఎడం చేత్తో పట్టుకుని మాట్లాడాను. టాప్ షాట్ల సంగతి గడప దాటకూడదని మొదట్లోనే అనుకున్నాం. అమ్మకి నేను ఇంటిపట్టునే ఉంటానని చెప్పాం. కన్నతల్లికి నా చేతులు గుర్తుపట్టడం రాదా అని ఫోను పెట్టాక బాగా ఏడ్చాను. అరగంట పాటు, కట్టు తడిసేదాకా. మళ్లీ నేనే సర్దుకున్నాను. అమ్మకి కళ్లు మందగించాయి. టీవీ కూడా చిన్నది.

జూన్ 23

కట్టు విప్పితేగానీ షూటింగ్ లేదు. కొత్త వంటలన్నీ ఆగిపోయాయి. బావగారు పళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఈ ఇంట్లోకి మారాక ఆయన మెట్లెక్కడం ఇదే మొదటిసారి. "తొందరేం లేదమ్మా, పూర్తిగా తగ్గనీ" అంటూనే నా చెయ్యి వంకే చూశారు. డాక్టర్ కన్నా ఎక్కువ చూశారు.

ఆయన వెళ్లాక నాకు మొదటిసారి నా విలువ తెలిసొచ్చింది. నేను లేకపోతే పొయ్యి వెలగదు. ఈయనతో గట్టిగా చెప్పాను.

"ఇప్పుడే అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. ఇంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు."

"నిజమే" అన్నారు ఈయన. నిజమే అన్నారు! వెంటనే చెప్పులేసుకుని వెళ్లారు.

సాయంత్రం వచ్చారు. మొహం వెలిగిపోతోంది. "అన్నయ్యతో మాట్లాడాను. కట్టు విప్పగానే నీతో విడిగా షూటింగ్ పెడదామన్నాడు. కొన్నాళ్లు ఉత్త టాప్ షాట్లే తీద్దాం. ప్రాక్టీస్ అనుకో."

"నా అరగంటకేనా?"

"అన్నిటికీ పనికొస్తాయి" అన్నారు.

ఈయన ఏదీ సూటిగా చెప్పరు. నాకు అర్థమైపోయింది. ముందు చెయ్యి, తరవాత మొహం. పద్ధతిగానే చేస్తున్నారు.

జూలై 2

మచ్చ మీద పౌడర్ అద్దితే కనపడటం లేదు. మొదలుపెట్టాం.

ఉల్లిపాయలు సన్నగా, లావుగా, చక్రాలుగా, ముక్కలుగా. క్యారెట్లు. గుడ్లు పగలగొట్టడం. నూనె పోయడం, చిటికెడు ఉప్పు వేయడం, మూత తీయడం, మూత పెట్టడం. ఎర్ర గ్రేవీ కలపడం, తెల్ల గ్రేవీ కలపడం. వంటంటూ ఏదీ లేదు, ముక్కలు ముక్కలుగా పనులే. నాకెంత హాయిగా ఉందో! మధ్యలో అక్క లేదు, కబుర్లు లేవు, షెడ్డులో ఈయనా నేనూ. "బాగుంది. మళ్లీ చెయ్యి. ఈసారి మెల్లగా." ఇన్నేళ్ల కాపురంలో ఇన్నిసార్లు బాగుందని ఎప్పుడూ అనలేదు.

తరిగిన ఉల్లిపాయలన్నీ ఇంటికి తెచ్చాను. ఇక వారమంతా ఉల్లిపాయ కూరే. ఈయనే, "మన ఇంటిముందు నిలబడితే ఎదురింటివాళ్లకి కూడా కళ్లు మండుతున్నాయి" అని నవ్వించారు.

జూలై 4

ఇవాళ మళ్లీ అవే పనులు. కాకపోతే నీలం చొక్కాతో ఒకసారి, పసుపుతో ఒకసారి, తెలుపుతో ఒకసారి. అన్నీ అక్క చొక్కాల జతలే. ఉంగరం కూడా పెట్టుకోమన్నారు.

నా ప్రోగ్రాంలో నేను అక్క చొక్కా ఎందుకేసుకుంటాను అని ఒక్క క్షణం అనిపించింది. అడగలేదు. ఏ రంగు కెమెరాకి బాగుంటుందో చూసుకోవాలి కదా, అందుకే అయి ఉంటుంది. నావి కొత్తవి కుట్టించేదాకా ఉన్నవాటితోనే చూడాలి మరి. లేత ఆకుపచ్చది ఒకటి కుట్టించుకోవాలని ఉంది.

జూలై 6

పని అయిపోయింది. నాకు తెలిసిన పనుల్లో తీయనిది లేదనుకుంటాను. ఈయన ప్రతి షాట్‌కీ పేరు పెట్టి, ఎంతో శ్రద్ధగా సర్దిపెట్టారు. నా కోసం ఇంత కష్టపడే మనిషిని ఇన్నాళ్లూ లోపల్లోపల తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

జూలై 9

అడిగేశాను. నేనే.

అక్కావాళ్లింట్లో భోజనాల దగ్గర. ఎంతకీ ఎవరూ ఎత్తరేం అని, పెరుగు వడ్డిస్తున్నప్పుడు నేనే అడిగాను. "బావగారూ, నా అరగంట ఎప్పటినించి మొదలుపెడదాం?"

బావగారు ఈయన వైపు చూశారు. ఈయన కంచం వైపు చూశారు.

"ఏ అరగంటమ్మా?"

గుర్తుచేశాను. ఆయన చెయ్యి కడుక్కోకుండానే వెనక్కి వాలి కూర్చున్నారు. "చూడమ్మా, ఒక ఇంటిని జనం ఒక మొహంతోనే గుర్తుపెట్టుకుంటారు. రెండో మొహం పెడితే మొదటిది కూడా పోతుంది. నీ చేతుల్లో ఉన్న పనితనం ఇంకెవరికుందమ్మా? అందులోనే ఉండు."

అక్క నా భుజం మీద చెయ్యేసింది. "కెమెరా ముందు నవ్వుతూ నిలబడటం ఎంత నరకమో నీకు తెలీదు చెల్లీ. దవడలు లాగేస్తాయి. నీకెందుకొచ్చిన బాధ? హాయిగా నీ పని నువ్వు చేసుకుంటావు, ఇంటికెళ్తావు."

"మీరేమంటారు?" అని ఈయన్ని అడిగాను, అందరి ముందూ.

"పెరుగు చాలు" అన్నారు ఈయన.

జూలై 10

వెళ్లలేదు. ఇక వెళ్లను. చేతుల్లేకుండా ఎన్ని వంటలు వండుతారో చూస్తాను.

జూలై 12

ఎవరూ ఫోన్ చేయలేదు. బింకం. ఎవరు ముందు దిగుతారా అని చూస్తున్నారు. నేను దిగను.

ఈయన మాత్రం రోజూ పనికి వెళ్తున్నారు. ఏం తీస్తున్నారంటే, "వదిన మాట్లాడేవి" అంటారు. అవునులే, మాటలు ఎన్నయినా తీసుకోవచ్చు. మాటలతో కడుపు నిండుతుందా?

జూలై 14

ఫోను పాడైందేమోనని ఈయన ఫోన్ నించి చేయించి చూశాను. బాగానే మోగుతోంది.

జూలై 17

సాయంత్రం టీవీ పెట్టాను. కొత్త వంట. పుట్టగొడుగుల కూర. అక్క వచ్చింది, నవ్వింది, "ఉల్లిపాయని సన్నగా తరుక్కుందామా?" అంది.

చేతులు తరిగాయి. నా చేతులు. నీలం చొక్కా.

మూకుట్లో నూనె పడింది. నా చెయ్యి. ఉప్పు, నా వేళ్లు. తెల్ల గ్రేవీ తిప్పింది నేనే, మూత పెట్టింది నేనే. నేను ఇక్కడ కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. నా చేతులు అక్కడ అక్కకి వండిపెడుతున్నాయి. ఒక్కచోట కూడా అతుకు కనపడలేదు. అంత బాగా చేశాను మరి. మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి, మూడు రంగుల్లో.

నా వేలితో నా కన్నే పొడిచారు.

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికొకావిడ. పాపం, ఆవిడ కోడిని తీసుకుని వెళ్లిపోయింది. నేనైతే కోడినీ కుంపటినీ వాళ్లకే ఇచ్చేసి, ఉత్త చేతులతో వచ్చి అలిగి కూర్చున్నాను.

జూలై 18

పొద్దున్నే ఈయన కాఫీ తాగుతుంటే అడిగాను. అరవకూడదనుకున్నాను. అరవలేదు.

"ఇది ఎవరి ఆలోచన?"

"ఏది?"

"టాప్ షాట్లన్నీ ముందే తీసి దాచుకోవడం."

కప్పు కింద పెట్టారు. తప్పించుకుంటారనుకున్నాను. లేదు.

"నాదే. నీకు చెయ్యి కాలి పని ఆగింది కదా. అన్నయ్య వేరే అమ్మాయిని పెడదామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఉంటే నీ చేతులే ఉండాలన్నాను. అలా తీసి పెట్టుకుంటే నువ్వు వేడిలో నిలబడక్కర్లేదు, కాల్చుకోనక్కర్లేదు. నీ కోసమే చేశాను."

"ప్రాక్టీస్ అన్నారు."

"నువ్వు సంతోషంగా చేస్తున్నావు. ఎందుకు పాడుచేయడం అని."

"నా అరగంట సంగతి అడిగారా? ఇన్నాళ్లలో ఎప్పుడైనా?"

కాఫీ వైపు చూశారు. "లేదు."

"తలనొప్పి అన్నారు. ఫోనొచ్చిందన్నారు. నోటిదాకా వచ్చిందన్నారు."

"అడిగితే కాదంటాడని తెలుసు. కాదనిపించుకుని వచ్చి నీకు చెప్పడం కన్నా…" మాట అక్కడే వదిలేసి, "ఇప్పుడు నీకు పోయిందేముంది చెప్పు? నువ్వు ఇంట్లో ఉన్నా నీ పని జరుగుతూనే ఉంది" అన్నారు.

నిజంగా అర్థంకాకే అడిగారు. అదే భరించలేకపోయాను. మోసం చేశాడని తిట్టుకోవడానికి కూడా లేకుండా, ప్రేమగానే చేశారట. ఈయన మీద ఇంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాశాను.

జూలై 20

మధ్యాహ్నం పప్పు మాడిపోయింది. అలాగే పెట్టాను. ఏమీ అనకుండా తిన్నారు.

జూలై 23

అక్క ఫోన్ చేసింది. ఈసారి పిండిలో కూర పెట్టి మడిచి, అంచులు నొక్కి మూసే వంటట. అంచులు నొక్కే షాట్ దాచిపెట్టినవాటిలో లేదు. అది తీయలేదు. నాకూ గుర్తు రాలేదు.

"నేనే ప్రయత్నించాను చెల్లీ. నేను మడిస్తే చిరిగిన జేబులా వస్తోంది. మీ బావగారు కసురుకుంటున్నారు. ఒక్క షాటే. గంటలో పంపించేస్తాను. నువ్వు కాదంటే నేనేమీ అనుకోను" అంది. గొంతులో నిజంగానే భయం ఉంది. ఆమె మొహం పోవడానికి కూడా ఒక్క షాటే దూరమని ఆమెకి తెలుసు.

ఈయన వింటూ నిలబడ్డారు. వెళ్లమనలేదు, వద్దనలేదు.

రానన్నాను. మళ్లీ ఆలోచిస్తే, వెళ్లకపోతే వేరే అమ్మాయిని పెడతారు. అప్పుడు ఆ చేతులు కూడా నావి కాకుండా పోతాయి. వెళ్తే నా అరగంట మాట మళ్లీ అడగొచ్చు. ఈసారి ఉత్త చేతులతో బేరానికి దిగను. షాట్ ఇచ్చేముందు అడుగుతాను, ఇచ్చాక కాదు. వెళ్తున్నానని నేనే తిరిగి ఫోన్ చేశాను.

జూలై 24

వెళ్లాను.

ముందే అడుగుదామనుకున్నాను. పిండి ఎండిపోతోందని తొందరపెట్టారు. పసుపు చొక్కా వేశారు, ఉంగరం తొడిగారు. ఈయన స్టూలెక్కి కెమెరా సరిచేసి, దిగి మానిటర్ ముందు కూర్చున్నారు. అక్క పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది.

పిండి మధ్యలో కూర పెట్టాను. మడిచాను. ఒక మూలనించి నొక్కడం మొదలుపెట్టాను. టాప్ షాట్‌కి మామూలుగా మెడ వెనక్కి లాగి పెట్టుకుంటాను. ఇవాళ లాగలేదు. ఇంట్లో అనుకుని వెళ్లింది కాదు. చేతుల పని చేతులు చేస్తుండగా ముందుకి వంగి, మొహం పైకెత్తి, తిన్నగా కెమెరాలోకి చూశాను.

బావగారు కట్ చెప్పలేదు. ఆయన కూడా మానిటర్ వైపే చూస్తున్నారు. అక్క చూస్తోంది. తెర నిండా నేనే ఉండి ఉంటాను, నుదురు, కళ్లు, అన్నీ. ఈయన ఆ తెర ముందే కూర్చుని ఉన్నారు, ఇక తప్పించుకోవడానికి చోటు లేదు. చాలాసేపు చూశారు. అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. ఇప్పుడు అంటారు, అన్నయ్యా చూడు అంటారు, కనీసం నా పేరు పెట్టి పిలుస్తారు అనుకున్నాను. కళ్లలో లైటు పడి నీళ్లు వస్తున్నా రెప్ప వేయలేదు.

"తల కాస్త పక్కకి తియ్యి," అన్నారు ఈయన. "పిండి మీద నీడ పడుతోంది."

తీశాను. షాట్ బాగా వచ్చిందట.